జపనీస్ పాటకు గొంతు అందడం లేదు

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్ యానివర్సరీకి స్నేహితురాళ్లతో కలిసి కరోకేలో జపనీస్ పాట పాడతానంటోంది. యానిమే పాట ఎత్తుకుంటే సగంలోనే ఊపిరి చాలక ఆగిపోతోంది. తేలికైనవి చెప్పగలరా?
– ఒక తల్లి, నర్సీపట్నం

జవాబు: ఎత్తుకున్న పాటే కష్టమైందమ్మా. లీసా పాడిన ‘గురెంగే’ (2019) లాంటివాటికి వేగమెక్కువ, శ్రుతీ పైనే. పైగా ఈ వయసులో ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది. మగపిల్లలకైనంత పైకి తెలియదు, అంతే.

క్యూ సకమొతో 1961లో పాడిన ‘ఉఎ ఒ ముయితె అరుకో’తో మొదలుపెట్టించండి. నింపాదైన పాట, చాలామటుకు మన మోహన రాగపు ఐదు స్వరాలే. తర్వాత ‘తొనరి నొ తొతొరొ’ (1988) సినిమాలోని ‘సంపొ’. పిల్లలు నడుస్తూ పాడుకునే పాట, గుంపుగా పాడితే ఇంకా బాగుంటుంది.

సాహిత్యం ఇంగ్లిష్ అక్షరాల్లో వద్దు, తెలుగులో రాయించండి. ఒ, ఓ తేడా, ఒత్తులు మన లిపిలో చక్కగా పడతాయి. వాళ్ల ‘త్సు’ మన ‘చుక్క’లో పలికే ‘చు’కి దగ్గరే. పై స్వరం దగ్గర పాప గడ్డం పైకి లేస్తోందంటే కరోకే యాప్‌లో ట్రాక్ శ్రుతి రెండు మెట్లు దించండి. రోజుకు పావుగంట సాధన చాలు.

గొంతు బొంగురు రెండు వారాలు దాటినా, మింగితే నొప్పి ఉన్నా పాట ఆపించి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.