విండోస్ అప్‌డేట్ ఆగిపోతే: చేయవలసినవి, చేయకూడనివి

కల్లూరులో మీసేవ కేంద్రం నడిపేవారికి, ఒక్క కంప్యూటరుతో జిరాక్సు, డీటీపీ దుకాణం నెట్టుకొచ్చేవారికి, పిల్లల చదువు కోసం ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకున్నవారికి ఈ సూచనలు. అప్‌డేట్ సగంలో ఆగి ఎర్రర్ చూపించినంత మాత్రాన కంప్యూటరు పాడైనట్టు కాదు. అప్‌డేట్ ఆగినందువల్ల పోయే ఫైళ్ల కన్నా ఆ తర్వాత కంగారుగా చేసే పనుల వల్ల పోయేవే ఎక్కువ.

అలాగని అప్‌డేట్ జోలికే పోకుండా ఉండటం ఇంకా ప్రమాదం. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక భద్రతా లోపానికి మరమ్మతు విడుదల చేసింది. అదే ఏడాది మే 12న వానాక్రై అనే హానికర ప్రోగ్రాము ఆ లోపంలోంచే చొరబడి ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మరమ్మతు వచ్చి అప్పటికి రెండు నెలలు.

ఇప్పుడు నెలనెలా వచ్చేది ఒక్కో మరమ్మతు కాదు, మూట. దాన్ని క్యుములేటివ్ అప్‌డేట్ అంటారు. పాత నెలల మరమ్మతులన్నీ కొత్త మూటలోనే ఉంటాయి. 2021 నుంచి అప్‌డేట్లను ఎక్కించే యంత్రాంగానికి, అంటే సర్వీసింగ్ స్టాక్‌కు, కావలసిన మరమ్మతు కూడా ఇందులోనే కలిసి వస్తోంది. మూటలో ఒక్క భాగం సరిగా కూర్చోకపోయినా మొత్తం వెనక్కి పోతుంది. ఎర్రర్ నంబరుకు అంత విలువ అందుకే.

చేయవలసినవి

*మొదలుపెట్టే ముందు*

• ముందుగా మీ ఫైళ్లకు నకలు తీసుకోండి. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లను చెరిపేసింది. మైక్రోసాఫ్టే దాన్ని ఆపి నవంబరులో మళ్లీ విడుదల చేసింది.

• ట్యాలీ డేటా ఏ ఫోల్డరులో ఉందో ట్యాలీ తెరిచి చూసుకోండి. చాలా కంప్యూటర్లలో అది డాక్యుమెంట్స్‌లో ఉండదు.

• పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు వాటికి వాడిన తెలుగు ఫాంట్లను కూడా కాపీ చేయండి. ఫాంటు లేని పెళ్లిపత్రిక ఫైలు తెరుచుకున్నా చదవడానికి రాదు.

• నకలు తీసిన డిస్కులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి.

• డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. 2024 జూలై అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు ఆన్ చేయగానే ఆ 48 అంకెలు అడిగాయి. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటరు పనిచేస్తున్నప్పుడే వెతికి పెట్టుకోండి.

• వేలిముద్ర యంత్రం, ప్రింటరు, డిజిటల్ సంతకం టోకెను డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అప్‌డేట్ తర్వాత మొదట మొరాయించేవి ఇవే.

• సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంచండి.

• ల్యాప్‌టాప్‌ను ఛార్జరుకు తగిలించే అప్‌డేట్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టరు లేదా మంచి యూపీఎస్ మీద పెట్టండి; మామూలు యూపీఎస్ బ్యాటరీ కొద్ది నిమిషాలకే దిగిపోతుంది.

• ఈదురుగాలి లేచే వేసవి సాయంత్రాలు, కరెంటు కోత ప్రకటించిన రోజులు వదిలేయండి.

• ఎండాకాలం మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌ను పరుపు మీద కాక బల్ల మీద, ఫ్యాను కింద ఉంచండి.

• దుకాణం కంప్యూటరుకు ‘యాక్టివ్ అవర్స్’ పెట్టండి. జనం వరుసలో ఉన్నప్పుడు దానంతటది రీస్టార్ట్ కాదు.

నెలవారీ మూట అమెరికాలో రెండో మంగళవారం ఉదయం విడుదలవుతుంది. మనకు అది రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి కల్లూరులో బుధవారం పొద్దున దుకాణం తెరిచేసరికి డౌన్‌లోడ్ మొదలై ఉంటుంది. స్కాలర్‌షిప్, అడ్మిషన్ దరఖాస్తులకు గడువు ముగిసే రోజులైతే నాలుగైదు రోజులు ‘పాజ్’ చేసి, పని తగ్గాక ఎక్కించండి. వారానికి మించి ఆపకండి.

*ఎర్రర్ వచ్చాక*

• ఎర్రర్ తెరను ఫోనుతో ఫొటో తీయండి. నంబరు, కేబీతో మొదలయ్యే అప్‌డేట్ సంఖ్య రెండూ కనిపించాలి.

• ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. చాలా ఎర్రర్లు ఇక్కడే తీరతాయి.

• తేదీ, సమయం సరిచూడండి. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీది చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే మీ కంప్యూటరు అప్‌డేట్ సర్వరుతో కలవలేకపోవచ్చు. ఆ బ్యాటరీ మార్చడం చవకైన పని; ముందు అది చేయించండి.

• కీబోర్డు, మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీ పరికరాలన్నీ తీసేయండి.

• వీపీఎన్ ఉంటే ఆపండి.

• సెట్టింగ్స్‌లోని ట్రబుల్‌షూట్‌లో విండోస్ అప్‌డేట్ ట్రబుల్‌షూటర్‌ను నడపండి.

• ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ఏది పనిచేసిందో అప్పుడే తెలుస్తుంది.

*నంబరును బట్టి*

ఎర్రర్ నంబరులో ముందు వచ్చే ‘0ఎక్స్’ వదిలేసి, తర్వాతి ఎనిమిదింటిని చూడండి.

• 80070070: చోటు చాలలేదు. స్టోరేజ్ సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ తెరిచి ‘విండోస్ అప్‌డేట్ క్లీనప్’ ఎంచుకోండి. అదే జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ ఎదుట కూడా ఒక గడి ఉంటుంది. ఖాతాదారుల ఆధార్ నకళ్లు, ధ్రువపత్రాల పీడీఎఫ్‌లు ఉండేది ఆ ఫోల్డరులోనే. ఆ గడిలో టిక్కు లేదని చూసుకున్నాకే ‘రిమూవ్’ నొక్కండి.

• 80070422: విండోస్ అప్‌డేట్ సర్వీసును ఎవరో ఆపేశారు. సర్వీసెస్‌లో దాన్ని మళ్లీ ‘మాన్యువల్’కు మార్చండి.

• 80072ఈఈ2: నెట్ జవాబివ్వలేదు. రౌటరు ఆపి తిరిగి వేయండి; ఫోను హాట్‌స్పాట్ మీద ఉంటే రోజువారీ డేటా అయిపోయిందేమో చూడండి.

• 80070020: వేరే ప్రోగ్రాము ఫైలును పట్టుకుంది. బయటి యాంటీవైరస్‌ను కాసేపు ఆపి, పని కాగానే తిరిగి ఆన్ చేయండి.

• 800ఎఫ్0922: సర్వరు అందలేదు, లేదా సిస్టమ్ కోసం విడిగా కేటాయించిన చిన్న పార్టిషన్‌లో చోటు లేదు. ముందు వీపీఎన్, నెట్ చూడండి. పార్టిషన్ పని తెలిసినవారికి వదలండి.

• 80070643: చాలా రకాల వైఫల్యాలకు ఇదే నంబరు. 2024 జనవరి 9న వచ్చిన రికవరీ అప్‌డేట్ దగ్గర ఎందరికో ఇదే కనిపించింది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే అప్పటి కారణం. ఆగింది ఏ కేబీయో చూశాకే ముందుకు పోండి.

• 80073712, 800ఎఫ్081ఎఫ్: విండోస్ సొంత ఫైళ్ల గోదాము దెబ్బతింది. కింది రెండు కమాండ్లు వీటికే.

• కమాండ్ ప్రాంప్టును ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తోనే తెరవండి.

• మొదట డిజం ‘రిస్టోర్‌హెల్త్’ కమాండు, అది ముగిశాక ఎస్ఎఫ్‌సీ ‘స్కాన్‌నౌ’ కమాండు నడపండి. ఈ వరుస మార్చకండి. మొదటిది గోదామును బాగుచేస్తే రెండోది అందులోంచి మంచి ఫైళ్లు తీసుకుంటుంది.

• డిజం నడిచేటప్పుడు నెట్ ఉంచండి. మంచి ఫైళ్లను అది మైక్రోసాఫ్ట్ నుంచే తెచ్చుకుంటుంది.

• శాతం 62.3 దగ్గర చాలాసేపు కదలకపోయినా కిటికీ మూయకండి. అక్కడ ఆగినట్టు కనిపించడం మామూలే.

• అప్పటికీ కాకపోతే అప్‌డేట్ సర్వీసులు ఆపి, ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’ ఫోల్డరు పేరు మార్చండి. విండోస్ కొత్త ఫోల్డరు తయారుచేసుకుని మళ్లీ దించుకుంటుంది.

• మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి నేరుగా దించుకునేటట్టయితే ముందు ‘విన్‌వర్’ నడిపి మీ వెర్షను చూసుకోండి.

• విండోస్ 11, 24హెచ్2 వాడేవారు క్యాటలాగ్ పేజీలో చూపించిన ఫైళ్లన్నీ ఒకే ఫోల్డరులో దించుకోండి. మధ్యలో వచ్చిన చెక్‌పాయింట్ మూట లేకుండా తాజాది ఎక్కకపోవచ్చు.

• విండోస్ 11లో రికవరీ కింద ‘ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్’ ఉంటే ఫార్మాట్ మాట ఎత్తకముందే దాన్ని వాడండి. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

*కంప్యూటరు తెరుచుకోకపోతే*

• హార్డ్‌డిస్కు దీపం మిణుకుమంటున్నంతసేపు ఆగండి. పాత హార్డ్‌డిస్కులకు గంటలు పట్టవచ్చు.

• రాత్రంతా ఉంచినా దీపం, శాతం రెండూ కదలకపోతేనే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి.

• విండోస్ గుర్తు వచ్చినప్పుడు ఆపడం, మళ్లీ వేయడం రెండుసార్లు చేయండి. మూడోసారికి రికవరీ తెర వస్తుంది.

• అక్కడ ‘అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’లో చివరి క్వాలిటీ అప్‌డేట్‌ను, అంటే నెలవారీ మూటను, తీసేయండి.

• కంప్యూటరు ఆగింది అప్‌డేట్ వల్లేనా అని కూడా ఆలోచించండి. 2024 జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ రోజు కంప్యూటర్లను నీలితెరతో ఆపేసింది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేరు పంపిన తప్పు ఫైలు. సేఫ్ మోడ్‌లో ఆ ఒక్క ఫైలు తీసేస్తే కంప్యూటర్లు లేచాయి.

• సచివాలయం, బ్యాంకు, కాలేజీ కంప్యూటరు అయితే ఎర్రర్ ఫొటోను సంబంధిత సాంకేతిక సిబ్బందికి పంపి, వారు చెప్పేదాకా ఆగండి.

చేయకూడనివి

• ‘కంప్యూటరు ఆపవద్దు’ అని తెర మీద ఉండగా స్విచ్ కట్టేయకండి, ప్లగ్ పీకకండి.

• ‘అన్‌డూయింగ్ ఛేంజెస్’ అని వస్తే కదిలించకండి. చేసిన మార్పులను అది వెనక్కి తీసుకుంటోంది.

• పది నిమిషాలు ఆగలేక ల్యాప్‌టాప్ మూత మూయకండి.

• పాత నెలల అప్‌డేట్లను ఒక్కొక్కటిగా వెతికి ఎక్కించకండి. తాజా మూటలో అవన్నీ ఉన్నాయి.

• ‘ప్రివ్యూ’ అని రాసి ఉన్న అప్‌డేట్‌ను దుకాణం కంప్యూటరులో పెట్టకండి. అది పరీక్షించాలనుకునేవారి కోసం.

• విండోస్‌లోని ‘విన్ఎస్ఎక్స్ఎస్’ ఫోల్డరు పెద్దదిగా ఉందని చెరపకండి. చెరిపితే కంప్యూటరు లేవకపోవచ్చు, అప్‌డేట్లు ఎక్కకపోవచ్చు.

• రిజిస్ట్రీ క్లీనర్లు, ‘ఒక్క క్లిక్కుతో ఎర్రర్ మాయం’ అనే ప్రోగ్రాములు దించుకోకండి.

• నకలు లేకుండా పార్టిషన్ సైజులు మార్చకండి.

• ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్స్’ను పెద్ద అప్‌డేట్ అయిన వెంటనే చెరపకండి, పాతదానికి తిరిగి పోయే దారి అదే, అదీ సాధారణంగా పది రోజులే ఉంటుంది.

• క్రాక్ చేసిన విండోస్, దొంగ యాక్టివేటర్లు వాడకండి. చాలా యాక్టివేటర్లు ముందు యాంటీవైరస్‌ను ఆపమంటాయి. అక్కడే అర్థం చేసుకోండి.

• అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేసే ప్రోగ్రాములు పెట్టకండి, పెట్టించుకోకండి. రిపేరుకు ఇచ్చిన కంప్యూటరు తిరిగి వచ్చాక అప్‌డేట్ సర్వీసు నడుస్తోందో లేదో మీరే చూసుకోండి; మళ్లీ ఫిర్యాదు రాకూడదని దాన్ని ఆపి పంపేవారున్నారు.

• ఫైళ్ల గురించి అడగకుండానే ‘ఫార్మాట్ కొట్టాలి’ అనేవారి చేతికి కంప్యూటరు ఇవ్వకండి.

• నకలు డిస్కును కంప్యూటరు పక్కనే, కింది అంతస్తులో పెట్టకండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలులోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లోని వస్తువులన్నీ మునిగాయి.

• నకలు తీశాక డిస్కును కంప్యూటరుకు తగిలించి వదిలేయకండి. వానాక్రై వంటిది వస్తే దానికీ తాళం వేస్తుంది.

• విండోస్ 10ను ఎప్పటికీ నడిపించవచ్చని అనుకోకండి. మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇళ్లలో వాడేవారికి పేరు నమోదు మీద ఇచ్చే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకే, అదీ 22హెచ్2 వెర్షనుకే.

• తెర నిండా అప్‌డేట్ బొమ్మ చూపించి, రన్ పెట్టెలో ఏదో పేస్ట్ చేసి ఎంటర్ నొక్కమంటే నొక్కకండి. అసలైన విండోస్ అప్‌డేట్ ఎన్నడూ అలా అడగదు.

• ఎర్రర్ పక్కన ఫోను నంబరు కనిపిస్తే దానికి ఫోను చేయకండి. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ సందేశాల్లో ఫోను నంబరు ఉండదు.

• ‘మైక్రోసాఫ్ట్ నుంచి’ అంటూ ఫోను చేసినవారికి, మీ కంప్యూటరును దూరం నుంచి నడిపించనిచ్చే ఎనీడెస్క్ కోడు చెప్పకండి. చెప్పి ఉంటే వెంటనే నెట్ తీసేయండి, బ్యాంకుకు చెప్పండి, డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయండి.