మాల్టాలో ఒక సెమిస్టర్: ఎక్స్ఛేంజ్ విద్యార్థి తెలుసుకోవలసినవి

విదేశీ చదువు అనగానే తెలుగు కుటుంబాలకు బ్యాంకు రుణం, రెండేళ్ల ఎంఎస్, ఆ పైన ఉద్యోగం అనే ఒకే క్రమం గుర్తుకు వస్తుంది. ఇక్కడి కళాశాలలో విద్యార్థిగా కొనసాగుతూనే ఒక సెమిస్టర్‌ను మరో దేశపు విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి క్రెడిట్లతో తిరిగివచ్చి ఇక్కడి డిగ్రీనే పూర్తిచేసే ఎక్స్ఛేంజ్ పద్ధతికి ఆ క్రమంలో ఇంకా సరైన చోటు దక్కలేదు. ఈ పద్ధతిలో విద్యార్థి ఆతిథ్య విశ్వవిద్యాలయానికి బోధనా రుసుము చెల్లించనవసరం లేదు, ఆ విశ్వవిద్యాలయం అతనికి డిగ్రీ ఇవ్వదు. రెండు సంస్థల మధ్య ముందే కుదిరిన ఒప్పందమే దీనంతటికీ ఆధారం కనుక, విద్యార్థి ఎంత ప్రతిభావంతుడైనా సొంతంగా దరఖాస్తు చేసుకొని వెళ్లే వీలుండదు.

ఐరోపాలో ఇటువంటి ఒప్పందాలకు ప్రధానమైన చట్రం 1987లో మొదలై, 2014 నుంచి ఎరాస్మస్ ప్లస్ అన్న పేరుతో నడుస్తున్న ఐరోపా సమాఖ్య పథకం. సమాఖ్య వెలుపలి దేశాల విద్యార్థులకు కూడా ఇందులో ఒక విభాగం ఉంది. దాని కింద ఎంపికైన భారతీయ విద్యార్థికి ప్రయాణ భత్యంతో పాటు, వెళ్లే దేశపు జీవన వ్యయాన్ని బట్టి నెలకు సుమారు 800 నుంచి 900 యూరోల భత్యం లభిస్తుంది. ఎరాస్మస్ ముండస్ అనేది వేరే విషయం. అది పలు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే పూర్తిస్థాయి మాస్టర్స్ కోర్సు, దానికి విద్యార్థే నేరుగా దరఖాస్తు చేసుకోవాలి. మాల్టా విషయంలో మరో గందరగోళం కూడా ఉంది. ఆ దేశంలో విదేశీయులకు ఇంగ్లిష్ నేర్పే ప్రైవేటు పాఠశాలలు పెద్ద వ్యాపారంగా సాగుతున్నాయి కాబట్టి, ‘మాల్టాలో చదువు’ అని ఏజెంట్లు చూపే అవకాశాల్లో కొన్ని ఆ భాషా కోర్సులే అయి ఉండవచ్చు. వాటికీ డిగ్రీ క్రెడిట్లకూ ఏ సంబంధమూ ఉండదు.

మాల్టా, గోజో, కొమీనో ద్వీపాలతో కూడిన ఈ గణతంత్రం సిసిలీకి దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, 316 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉంటుంది. సుమారు 650 చదరపు కిలోమీటర్లుగా ఉండిన హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పాత పరిధితో పోలిస్తే సగం కూడా కాదు. 1964లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం పొంది, 2004లో ఐరోపా సమాఖ్యలో చేరి, 2008 నుంచి యూరోను వాడుతున్న ఈ దేశంలో మాల్టీస్‌తో పాటు ఇంగ్లిష్ కూడా అధికార భాష. 1592లో జెసూట్ మతగురువులు స్థాపించిన కళాశాలలో తన మూలాలు చూసుకునే మాల్టా విశ్వవిద్యాలయం ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే బోధిస్తుంది. ఇటలీలోనో గ్రీసులోనో డిగ్రీ స్థాయి తరగతుల్లో కూర్చోవాలంటే ముందు భాష సంగతి తేల్చుకోవాలి; మాల్టాలో ఆ అడ్డంకి లేదు.

అయితే భాష సులువన్న ఒక్క కారణంతో ఈ ద్వీపాన్ని ఎంచుకోవడం తెలివైన పని కాదు. ఎక్కడైనా దొరికే ప్రోగ్రామింగ్ పాఠాన్నే సముద్రం దాటి వెళ్లి మళ్లీ చదివి వచ్చిన విద్యార్థి, ఇంటర్వ్యూలో ‘అక్కడికే ఎందుకు వెళ్లారు’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు వాతావరణం గురించి తప్ప చెప్పగలిగేది ఏమీ ఉండదు. ఆ ప్రశ్నకు ఒక గట్టి జవాబు నీరు: మాల్టాలో శాశ్వతంగా పారే నదులు లేవు. కుళాయి నీటిలో సగానికి పైగా రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో, అంటే సముద్రపు నీటిని అధిక పీడనంతో సన్నని పొరల గుండా పంపి ఉప్పును వేరుచేయడం ద్వారా తయారవుతుంది. అతిగా తోడిన భూగర్భ జలాల్లోకి సముద్రపు నీరు చొరబడే సమస్య ఆ ద్వీపానికి ఎంత ఉందో కృష్ణా, గోదావరి డెల్టాల తీర మండలాలకూ అంతే తెలుసు కనుక, సివిల్, పర్యావరణ ఇంజనీరింగ్ విద్యార్థులకు అక్కడి నీటి నిర్వహణ నేరుగా పనికివచ్చే పాఠం. న్యాయశాస్త్ర విద్యార్థికి ఇంకా బలమైన కారణం ఉంది. సముద్రగర్భ సంపద మానవాళి ఉమ్మడి వారసత్వమన్న ప్రతిపాదనను 1967లో ఐక్యరాజ్య సమితిలో వినిపించింది మాల్టా ప్రతినిధి ఆర్విడ్ పార్డో. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందానికి దారితీసిన చర్చ అక్కడే ఊపందుకుంది. ఐరోపా సమాఖ్యలో అతి పెద్ద నౌకల రిజిస్టరు ఉన్నది కూడా మాల్టాకే, అంతర్జాతీయ సముద్ర సంస్థ 1988లో నెలకొల్పిన సముద్ర న్యాయ సంస్థ ఉన్నదీ ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే. విశాఖపట్నం, కృష్ణపట్నం రేవుల చుట్టూ ఉపాధి వెతుక్కునే యువ న్యాయవాదికి ఈ నేపథ్యం అలంకారం కాదు, వృత్తికి పెట్టుబడి. క్రీస్తుపూర్వం మూడున్నర వేల ఏళ్ల నాటి గోజోలోని గ్గంటియా రాతి ఆలయాలు పురావస్తు విద్యార్థిని ఎలాగూ రప్పిస్తాయి.

కోర్సు ఎంపిక తర్వాత వచ్చే అసలు చిక్కు క్రెడిట్ల లెక్క, ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. ఐరోపాలో ఒక విద్యాసంవత్సరానికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. మాల్టాలో ఒక్కో క్రెడిట్‌ను తరగతి, స్వాధ్యయనం, పరీక్ష అన్నీ కలిపి 25 గంటల శ్రమగా లెక్కిస్తారు. భారతదేశపు జాతీయ క్రెడిట్ చట్రంలో సంవత్సరానికి 40 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 30 గంటలు. దీన్నిబట్టి మాల్టాలో పొందిన 30 క్రెడిట్లను సంవత్సరంలో వాటాగా చూస్తే ఇక్కడి 20తో సమానం, గంటలుగా చూస్తే 750 గంటలు కాబట్టి 25తో సమానం. ఏ లెక్కను ఆమోదిస్తారన్నది మాల్టా తేల్చే విషయం కాదు. అనుబంధ కళాశాలైతే విశ్వవిద్యాలయం, స్వయంప్రతిపత్తి గల కళాశాలైతే దాని అకడమిక్ కౌన్సిల్ నిర్ణయించాలి, ప్రిన్సిపాల్ నోటిమాట చాలదు. ఏ విషయానికి బదులుగా ఏ విషయం చదువుతారో మూడు పక్షాలూ సంతకం చేసే పత్రాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. విమాన టికెట్టు కొనకముందే దాని మీద సంతకాలు పూర్తి కావాలి. మార్కుల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవడం మేలు. మాల్టాలో 45 మార్కులకే ఉత్తీర్ణత ఉన్నా, 80 వస్తే గానీ ‘ఎ’ గ్రేడు రాదు. కనుక అక్కడి మార్కులను సీజీపీఏలో కలపాలా, లేక ఉత్తీర్ణతను మాత్రం నమోదు చేయాలా అన్నది రాతపూర్వకంగా ఉంటే చివరి సంవత్సరంలో తగవు ఉండదు.

విద్యా క్యాలెండర్ల పొంతన మరో చిక్కు. మాల్టాలో మొదటి సెమిస్టర్ అక్టోబరులో మొదలై జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో జరిగే పరీక్షలతో ముగుస్తుంది. రెండోది ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నడుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ కళాశాలల బేసి సెమిస్టర్ అంతకు ముందే మొదలై నవంబరు, డిసెంబరు నాటికి ముగుస్తుంది కాబట్టి, అక్టోబరులో వెళ్లినవారికి ఇక్కడి రెండు సెమిస్టర్లూ చెడే ప్రమాదం ఉంటుంది. బీటెక్ విద్యార్థికి మూడో సంవత్సరం రెండో సెమిస్టర్ అన్నిటికన్నా అనువైనది: జూన్‌లో తిరిగివచ్చి, చాలా కళాశాలల్లో ఆగస్టు నుంచి ఊపందుకునే ప్రాంగణ నియామకాలకు సిద్ధపడవచ్చు. ఏడో సెమిస్టర్‌లో వెళ్లడమంటే నియామకాల కాలాన్ని పరదేశంలో గడపడమే.

ఇక నివాసం. చదరపు కిలోమీటరుకు 1,600 మందికి పైగా జనసాంద్రతతో ఐరోపా సమాఖ్యలో అన్నిటికన్నా కిక్కిరిసిన దేశం మాల్టా కావడంతో అద్దెలు నెల భత్యంలో సగానికి దగ్గరగా వెళ్తాయి. విశ్వవిద్యాలయం ఉన్న మ్సీడా, పక్కనున్న గ్జీరా, స్లీమా, బిర్కిర్కారా పట్టణాల్లో విద్యార్థులు గది పంచుకొని ఉండటం మామూలే. 2020 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం నివాసపు అద్దె ఒప్పందాన్ని యజమాని ప్రభుత్వ గృహ ప్రాధికార సంస్థ వద్ద నమోదు చేయించాలి. నమోదు కాని ఒప్పందంతో నివాస అనుమతి తెచ్చుకోవడం కష్టమవుతుంది కనుక, నమోదుకు ఒప్పుకోని యజమానికి ముందస్తు సొమ్ము ఇవ్వకపోవడమే మంచిది. కరెంటు, నీటి బిల్లుల్లో రెండు రకాల ధరలు ఉంటాయి. ఇంట్లో వాస్తవంగా ఎందరు ఉంటున్నారో యజమాని నమోదు చేయకపోతే ఎక్కువ ధర పడుతుంది. ఈ రెండు అంశాలూ ఒప్పందంలోనే రాయించుకోవాలి.

వాతావరణం తెలుగు విద్యార్థిని తికమకపెడుతుంది, ఎందుకంటే మన నేల మీద వేసవి తర్వాత వానలు వస్తే, మధ్యధరా ప్రాంతంలో వేసవి పొడిగా ఉండి వానలన్నీ శరత్తు, శీతకాలాల్లోనే కురుస్తాయి. జనవరి పగటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల ప్రాంతంలో ఉంటుందన్న సమాచారం చూసి దుప్పటి తీసుకెళ్లనివారు మోసపోతారు: సున్నపురాయితో కట్టిన ఇళ్లలో కేంద్రీకృత తాపన వ్యవస్థ ఉండదు, తేమ గోడల్లోకి దిగుతుంది, బయట కంటే లోపలే ఎక్కువ చలిగా అనిపిస్తుంది. ఫిబ్రవరిలో దిగే విద్యార్థికి ఉన్ని బట్టలూ, బ్రిటిష్ తరహా మూడు పలకల పిన్నుల ప్లగ్గుకు అడాప్టరూ తప్పనిసరి. మనలాగే అక్కడా వాహనాలు ఎడమవైపునే నడుస్తాయి. విద్యార్థి తన పేరు మీద తీసుకున్న టల్లీన్యా కార్డుతో 2022 అక్టోబరు నుంచి చాలా బస్సుల్లో ఉచితంగా తిరగవచ్చు. కాని వాహనాల రద్దీ వల్ల ఐదు కిలోమీటర్లు కూడా దూరమే అవుతుంది, ఉదయపు తరగతికి నడిచి వెళ్లగలిగే గది దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా నష్టం లేదు. కుందేలు మాంసం జాతీయ వంటకంగా పేరొందిన దేశమైనా శాకాహారులు ఆకలితో ఉండనక్కర్లేదు. 2021 జనగణనలో ఇటాలియన్లు, బ్రిటిష్ వారి తర్వాత అతి పెద్ద విదేశీ సమూహం భారతీయులే కావడంతో కందిపప్పూ బియ్యమూ దొరికే దుకాణాలు ఇప్పుడు అక్కడ అరుదు కాదు.

తొంభై రోజులకు మించిన చదువుకు షెంజెన్ సందర్శక వీసా చాలదు. మాల్టా ఇచ్చే డి రకం జాతీయ వీసా, చేరాక ఐడెంటిటా సంస్థ ద్వారా నివాస పత్రం అవసరం. షెంజెన్ అంటే పరస్పర సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకున్న ఐరోపా దేశాల మండలం; మాల్టా 2007లో అందులో చేరింది కాబట్టి సెలవుల్లో సిసిలీకో రోముకో వెళ్లడానికి వేరే వీసా అడగరు, అయితే ఇతర సభ్య దేశాల్లో గడిపే కాలం ఏ 180 రోజుల్లోనూ 90 మించకూడదు. పార్ట్‌టైమ్ పని మీద ఆధారపడి బడ్జెట్ వేసుకోవడం పొరపాటు: జాబ్స్‌ప్లస్ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే అనుమతి లేకుండా పనిచేయడం చట్టవిరుద్ధం, ఒక్క సెమిస్టర్ కోసం వచ్చినవారికి ఆ అనుమతి చేతికి వచ్చేసరికి తిరుగు ప్రయాణం దగ్గరపడుతుంది. ఎక్స్ఛేంజ్ ముగిశాక అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చన్న హామీ కూడా ఎవరూ ఇవ్వరు.

ఆ సెమిస్టర్ తర్వాత దారి తెరుచుకునేది మరో చోట. ఎరాస్మస్ ముండస్ కోర్సుల దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు, జనవరి నెలల మధ్య స్వీకరిస్తారు. జూన్‌లో తిరిగివచ్చిన విద్యార్థి చేతికి వేసవి ముగిసేలోపు మాల్టా మార్కుల పట్టిక వస్తే, నాలుగో సంవత్సరంలో ఉండగానే దాన్ని జతచేసి దరఖాస్తు చేసుకోవచ్చు. సిఫారసు లేఖకు అక్కడి అధ్యాపకుణ్ని అడగడానికి అనువైన సమయం మాత్రం వచ్చే ఏడాది కాదు, ఆ మేలో ప్రాజెక్టు సమర్పించిన వారమే.