ఎనిమిది మైకుల పెట్టె

అల్లుడూ,

నువ్వు పంపిన మూడు ఆడియో ఇంటర్‌ఫేస్‌ల ఫోటోలూ చూశాను. ఒకటి రెండు మైకులది, ఒకటి నాలుగింటిది, మూడోది ర్యాక్‌లో బిగించే పొడుగాటి ఎనిమిది మైకులది. రెండింటిది కొంటే డబ్బు మిగులుతుందనీ, ఒక్కొక్కరిని విడిగా పాడించి తర్వాత కలుపుకుంటాననీ రాశావు. సినిమా పాటకైతే అది నడుస్తుంది. మన బీదర్ జిల్లా కమఠాణ భజన మేళానికి నడవదు.

మేళంలో ముందు పాడే మీ పెద్దాయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, క్లిక్కు వింటూ ఒంటరిగా పాడమంటే రెండో చరణానికే గొంతు బిగుసుకుపోతుంది. ఆయన తబలావాడి చేయి చూసి నడక మారుస్తాడు. ఆయన ఊపిరి తీసుకునే చోటు హార్మోనియం వాయించేవాడికి తెలుసు. తల ఊపితే వంతపాట అందుకుంటారు. పైగా తెలుగు తత్వం ముగిసీ ముగియకముందే కన్నడ వచనం, దాని వెనకే మరాఠీ అభంగం ఎత్తుకునే ఊరు మనది. 1956లో జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు బీదర్ జిల్లా నుంచి విడిపోయి మెదక్‌లో కలిశాయి, మనం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. పాటలు మాత్రం ఎవరినీ అడక్కుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. ఏ పాట తర్వాత ఏది వస్తుందో ముందే తెలియని మేళాన్ని ముక్కలు చేసి పట్టుకోలేవు. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టాల్సిందే. నీకు ఎక్కువ చానెళ్లు కావాల్సింది అందుకే, ఇంకే గొప్పకూ కాదు.

కూర్చునేవాళ్లను బట్టి లెక్క వెయ్యి. పెద్దాయన గొంతుకు ఒకటి, హార్మోనియానికి ఒకటి, తబలాకూ డగ్గాకూ చెరొకటి, ఢోలక్‌కు ఒకటి, వంతపాటకు రెండు. ఏడయ్యాయి. తాళాలకు, చిడతలకు మైకు పెట్టకు. పెట్టకపోయినా అవి అన్ని మైకుల్లోకీ దూరతాయి. ఎనిమిదోది గదిలో దూరంగా నిలబెట్టు. మేళం మొత్తం ఒక్కచోట ఎలా వినిపిస్తుందో అదే చెబుతుంది.

పెట్టె మీది అంకె చూసి మురిసిపోకు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 అంటే పద్దెనిమిది మైకులు పడతాయని కాదు. మైకు ప్రీయాంపులు ఎనిమిదే. ఇంకో ఎనిమిది చానెళ్లు అడాట్ అనే ఆప్టికల్ వైరు మీద వస్తాయి, మిగతా రెండు ఎస్పీడిఫ్ అనే డిజిటల్ సాకెట్‌వి. అదే కుటుంబంలోని 18ఐ8కి ప్రీయాంపులు నాలుగే! బెహ్రింగర్ యూఎంసీ1820కి ఎనిమిది ఉన్నాయి, నీ పనికి అది కూడా చాలు. అడాట్ సాకెట్ మాత్రం ఉండేలా చూసుకో. రేపు మేళం పెరిగితే ఎనిమిది ప్రీయాంపులున్న మరో పెట్టెను ఆ వైరుతో కలుపుకోవచ్చు. 48 కిలోహెర్ట్జ్‌లో అది ఎనిమిది చానెళ్లు మోస్తుంది, 96కి వెళ్తే నాలుగే. రెండు పెట్టెల్లో ఒకదాని క్లాకునే రెండోది అనుసరించేలా పెట్టాలి, లేకపోతే రికార్డింగులో టిక్కు టిక్కుమంటుంది.

పన్నెండు చానెళ్ల యూఎస్‌బీ మిక్సర్ చవకగా వస్తుందని ఎవరైనా చెబితే ఒక్క మాట అడుగు: కంప్యూటర్‌లోకి విడివిడిగా ఎన్ని వెళ్తాయి? చాలావాటిల్లో వెళ్లేవి రెండే. ఇంటికొచ్చాక ఢోలక్ ఎక్కువైందనిపించినా ఏమీ చెయ్యలేవు. నాలుగేసి మైకుల పెట్టెలు రెండు కొని కలుపుదామనీ అనుకోకు. నీది విండోస్. అక్కడ ఈ పెట్టెలను నడిపే ఏసియో డ్రైవరు మామూలుగా ఒకసారి ఒక్కటే పనిచేస్తుంది.

థండర్‌బోల్ట్, 192 కిలోహెర్ట్జ్ లాంటి మాటలకు డబ్బు పొయ్యకు. ఎనిమిది చానెళ్లు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో సెకనుకు తొమ్మిది మెగాబిట్ల పైచిలుకు. పాత యూఎస్‌బీ 2కే 480 దాకా దారి ఉంది. లేటెన్సీ అని, అంటే పాడింది చెవికి ఆలస్యంగా వినిపిస్తుందని, భయపెడతారు. అందరూ ఒకే గదిలో ఒకరినొకరు వింటూ పాడేటప్పుడు దానితో మనకేం పని?

మిగిలిన డబ్బు కరెంటు మీద పెట్టు. ఈ పెద్ద పెట్టెలు ల్యాప్‌టాప్ కరెంటుతో బతకవు, వాటి కరెంటు వాటికి కావాలి. లైను పోతే ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, ఇంటర్‌ఫేస్ ఆగిపోతుంది, పాట సగంలో తెగుతుంది. యూపీఎస్ పెట్టుకో. ఇంట్లో ఉన్నది పాతకాలపు స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే దాన్ని నమ్ముకోకు, గుర్రుమంటుంది. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్‌తో చూపించు. రికార్డింగులో జుయ్‌మంటే ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి విను. సగం రోగాలు అక్కడే దొరుకుతాయి.

కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ కావాలి. కొన్ని పెట్టెల్లో నాలుగేసి చానెళ్లకు ఒకటే మీట ఉంటుంది, కండెన్సర్లన్నీ ఒక వైపు పెట్టుకో. గెయిన్ ఎర్రలైటు దాకా లాగకు. 24 బిట్లలో తబలా దెబ్బ మైనస్ 12 డీబీ దగ్గర ఆగినా ఏం పోదు.

గది సంగతి మర్చిపోయేవు. షాబాద్ బండల నేల మీద ఎంత ఖరీదైన ప్రీయాంపు పెట్టినా గొంతు గంగాళంలో మోగినట్టే ఉంటుంది. జంపఖానాలు పరువు, గోడకు బొంతలు వేలాడదియ్యి, ఫ్యాను ఆపు. పగలు బీదర్ ఎయిర్‌ఫోర్స్ వాళ్ల హాక్ విమానాలు తిరుగుతుంటాయి, ఎటూ భజన రాత్రిదే కదా, అప్పుడే కానియ్యి. పక్కింటి బోరు మోటారు ఎప్పుడు వేస్తారో మాత్రం ముందే కనుక్కో.

కొనడానికి హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీకి ఇద్దరం పోదాం. నీ ల్యాప్‌టాప్ తెచ్చుకో. దుకాణంలోనే డ్రైవరు ఎక్కించి, ఎనిమిది చానెళ్లలో ఒక్కొక్కదాంట్లో మైకు గుచ్చి చూసి, సర్వీసు ఎక్కడ చేస్తారో అడిగాకే డబ్బులిద్దాం.

మొదటి రాత్రి రికార్డింగు నువ్వు మిక్స్ చెయ్యకు. ఎనిమిది ట్రాకులూ ఉన్నవి ఉన్నట్టు నాకు పంపు. గంటకు నాలుగు జీబీ దాటుతాయి, ఫోన్లో పంపాలని చూడకు. పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికివ్వు.

ఇట్లు,
నీ మామ