తొలి వడ్డన ఒకే పళ్ళెంలోనా, ఎవరి ప్లేటు వారికా?

వలీమాకు ఫంక్షన్ హాలు కుదిరిన తర్వాత క్యాటరింగ్ వారు తప్పక అడిగే మాట ఒకటుంది: "స్టార్టర్లు బల్లకొక పళ్ళెం పెట్టమంటారా, మనిషికో ప్లేటు ఇవ్వమంటారా?" చాలా ఇళ్ళలో దీనికి జవాబు ఖర్చును బట్టో, మొన్న బంధువుల పెళ్ళిలో చూసిన పద్ధతిని బట్టో చెప్పేస్తారు. కొందరు పెద్దలు కలిసి తినటమే సున్నత్ కనుక విడి ప్లేట్లు తగవంటారు. ఒకే పళ్ళెంలో పది చేతులు పడటం శుభ్రం కాదని పిల్లలు వాదిస్తారు.

నిజానికి ఈ విషయంలో షరీఅత్ మనల్ని ఇరుకున పెట్టలేదు. మీరు కలిసి తిన్నా, విడివిడిగా తిన్నా మీపై దోషం లేదని నూర్ సూరా 61వ ఆయత్ స్పష్టం చేస్తోంది. అరబ్బుల్లో కొందరు ఒంటరిగా తినటాన్నే తప్పుగా తలచేవారని, వారి సంకోచాన్ని ఈ ఆయత్ తొలగించిందని వ్యాఖ్యాతలు రాశారు. కనుక విడి ప్లేటు పెట్టిన వారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు.

అయితే కలిసి తినటంలో ఉన్న శుభం వేరు. తింటున్నా కడుపు నిండటం లేదని సహాబాలు విన్నవించుకున్నప్పుడు దైవప్రవక్త (స) వారు విడివిడిగా తింటున్నారేమోనని అడిగారు. కలిసి కూర్చుని, అల్లాహ్ పేరు తలచి తినమని, అందులో బర్కత్ ఉంటుందని బోధించారు. హజ్రత్ వహ్షీ బిన్ హర్బ్ (రజి) ద్వారా అందిన ఈ హదీసు అబూదావూద్‌లో ఉంది. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్న హదీసు కూడా మనందరికీ తెలిసినదే.

కాని ఆ శుభానికి ఒక షరతు ఉంది. అదే మన దావత్‌లలో ఎక్కువగా మరుగున పడుతోంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) కాలంలో ఒక ఏడాది కరువు వచ్చింది. ప్రజలకు ఖర్జూరాలు ఇచ్చారు. వారు తింటుండగా అటుగా వెళుతున్న హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) రెండేసి పండ్లు కలిపి తినవద్దని హెచ్చరించారు. దైవప్రవక్త (స) దానిని వారించారని, తోటివాని అనుమతి ఉంటే తప్ప అలా చేయరాదని చెప్పారు. ఇది సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం. ఆలోచించండి, అక్కడ పోయేది ఒక్క ఖర్జూరమే. అయినా అది పక్కవాని హక్కు.

ఇప్పుడు హైదరాబాద్ దావత్‌లో ఒక బల్లను చూద్దాం. ఎనిమిది మంది కూర్చున్నారు. పళ్ళెంలో పన్నెండు లుక్మీలు వచ్చాయి. చేయి చురుకైన వారు రెండేసి తీసుకున్నారు. బల్ల చివర కూర్చున్న పెద్దాయనకు, ఎవరినీ ఎరుగని పేద బంధువుకు ఖాళీ పళ్ళెం మిగిలింది. వారు నోరు తెరిచి అడగరు. ఆతిథేయికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా విందును హదీసులో అతి చెడ్డ భోజనమన్నారు. పేదవాణ్ణి పిలిచి, అతని వంతు పళ్ళెంలోనే పోగొడితే అది పిలుపుకు న్యాయం చేసినట్టు ఎలా అవుతుంది?

అందుకే ముక్కల లెక్క ముఖ్యం. ఎనిమిది మందికి ఎనిమిదో, పదహారో ఉండాలి గాని పన్నెండు ఉండకూడదు. స్త్రీల వైపు బల్లల మీద పిల్లలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీసుకోవటానికి పళ్ళెంలో ఒక చెంచా గాని, పట్టకారు గాని పెట్టిస్తే శుభ్రత గురించిన వాదం చాలావరకు తీరిపోతుంది.

పళ్ళెమంతా చేయి తిప్పుతున్న బాలుడు హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమాకు (రజి) దైవప్రవక్త (స) బిస్మిల్లాహ్ చెప్పి, కుడిచేత్తో, నీ ముందున్నది తిను అని నేర్పారు. మరోవైపు, ఒక దర్జీ ఇచ్చిన విందులో ఆయన (స) గిన్నెలో అటూ ఇటూ సొరకాయ ముక్కలు వెతుక్కున్నారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. తోటివానికి అయిష్టం లేదని తెలిసినప్పుడు అలా తీసుకోవచ్చని ఇమామ్ బుఖారీ తన అధ్యాయ శీర్షికలోనే సూచించారు. బర్కస్ హోటళ్ళలో ఒకే తబక్ చుట్టూ మందీ తినే అన్నదమ్ముల మధ్య ఆ చనువు ఉంటుంది. వలీమాలో మొదటిసారి కలిసిన వియ్యాలవారి బంధువుల మధ్య ఉంటుందా?

హజ్రత్ జైనబ్ (రజి) వలీమా సందర్భంలో దైవప్రవక్త (స) అతిథులను పదేసి మందిగా కూర్చోబెట్టి, ఎవరి ముందున్నది వారిని తినమన్నారు. పాత్ర ఒకటే, వంతు మాత్రం ఎవరిది వారిది. నా అభిప్రాయంలో మనకు అనుసరణీయమైన పద్ధతి ఇదే. లుక్మీ, కబాబ్ వంటి పొడి వంటకాలు లెక్కకట్టి బల్లకొక పళ్ళెంలో పెట్టించండి. మరగ్ వంటి ద్రవపదార్థం ఎలాగూ విడి గిన్నెల్లోనే ఇవ్వాలి.

అన్నీ విడి ప్లేట్లలోనే ఇస్తే ఇంకో చిక్కుంది. అతిథి ఒక ముక్క కొరికి వదిలేసిన ప్లేటు ఇంకెవరికీ పనికిరాదు, అది నేరుగా చెత్తబుట్టకే పోతుంది. ఎవరూ చేయి పెట్టని పళ్ళెమైతే వేడి తగ్గకముందే వంటశాలకు తిరిగి పంపి, పనివారికి, ఇరుగు పొరుగు పేదలకు పంచవచ్చు. తినండి, తాగండి, మితిమీరకండి అన్న అల్లాహ్ ఆజ్ఞ (ఆరాఫ్ సూరా, 31) విందు ఇచ్చేవారికి కూడా వర్తిస్తుంది కదా!

శాకాహారులైన హిందూ మిత్రులు వస్తున్నట్లయితే వారికి మాత్రం విడి ప్లేట్లే ఏర్పాటు చేయండి. అవి వేరే పాత్రలో, వేరే నూనెలో వేయించినవై ఉండాలి. ఆ సంగతి క్యాటరింగ్ వారికి బయానా ఇచ్చే రోజే చెప్పాలి. వడ్డన మొదలయ్యాక చెబితే మాంసం వేయించిన మూకుడులోనే ఆలూ కూడా వేయించి తెచ్చేస్తారు.