అంత్యకాలమున శ్రవణసేవ

శాపగ్రస్తుడైన పరీక్షిన్మహారాజునకు మిగిలినవి ఏడు దినములు. గంగాతీరమున ప్రాయోపవిష్టుడై, మరణమాసన్నమైన మానవుడు వినవలసినదేదియని ఆయన శుకమహర్షిని అడిగెను. దానికి సమాధానముగా భాగవతశ్రవణము సాగినది. ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ ప్రశ్న మరణించబోవువానిదే గాని, చుట్టునున్నవారిది కాదు.

మరణాసన్నుల సేవయందు సంగీతమునకు నేటి వైద్యము సైతము చోటిచ్చినది. కెనడాలోని మాంట్రియల్ నగరమున, రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో డాక్టర్ బాల్ఫర్ మౌంట్ 1975లో ఉపశమన చికిత్సా విభాగమును నెలకొల్పిరి. వ్యాధి నయము కాదని తేలినవారికి బాధోపశమనము కలిగించుట దాని లక్ష్యము. అచట రోగులకు సంగీతచికిత్స చేసిన సూసన్ మన్రోయు, మౌంటును 1978లో తమ అనుభవమును వైద్యపత్రికలో ప్రకటించిరి. సంగీతము వ్యాధిని పోగొట్టదు. బాధనుండి మనస్సును మరల్చును, భయమును తగ్గించును, మాట కరవైనచోట రోగిని ఆప్తులతో కలుపును.

ఈ చికిత్సకులు రోగి యున్న స్థితినుండియే ఆరంభింతురు. ఆయాసపడువాని శ్వాసకు తగిన లయతో మొదలిడి, క్రమముగా విలంబమునకు తెత్తురు. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నకారము ప్రాణమనియు, దకారము అగ్నియనియు నాదశబ్దమును వివరించెను. నాదమునకు ఊపిరితోగల సంబంధము మనకు క్రొత్త కాదు.

2020లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, స్పృహ కోల్పోయి అవసానదశలోనున్న కొందరి మెదడు సైతము స్వరభేదమునకు స్పందించినదని తెలిపిరి. వారు అర్థము గ్రహించిరని దీనివలన తేలదు. అయినను వినుచున్నారనియే తలచి మెలగుట మేలు. ఆస్తి తగవులు, అంత్యక్రియల ఖర్చులు ఆ మంచము చెంత మాటాడరాదు.

ఇక ఏమి పాడవలెను? జీవితమంతయు దేనిని భావించెనో అదియే అంత్యమున స్ఫురించునని గీత ఎనిమిదవ అధ్యాయము బోధించును. కావున అప్పటికప్పుడు తెచ్చిన కీర్తనకంటె, ఆ జీవునితో చిరకాలము పెనవేసికొనిన పాటయే తగినది. హరినామము ప్రియమైనవారికి హరినామము. కొందరికది నాట్లపాట కావచ్చును, పాత సినిమాపాటయు కావచ్చును. పుణ్యమని తలచి సెల్‌ఫోనులో భజన బిగ్గరగా పెట్టి ఆవలికి పోవుట సేవ కాదు. ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని, మెల్లగా పాడవలెను. శ్రుతి తప్పినను దోషము లేదు. నొసలు ముడివడినను, ముఖము త్రిప్పుకొనినను వెంటనే ఆపి, మౌనముగా కూర్చుండవలెను.

తల్లిదండ్రులు ఆరోగ్యముగా నున్ననాడే వారికి ప్రియమైన పాటలేవో అడిగి తెలిసికొని, వ్రాసి యుంచుడు. అడుగుటకు అదియే తగిన కాలము.