లాంగ్‌స్లెడేల్ లోయ మీదుగా హాజ్‌వాటర్ జలాశయమునకు

భూగోళ పాఠములో 'సరస్సు' అనియు 'జలాశయము' అనియు రెండు మాటలను వేరువేరుగా నేర్చుకొంటిరి. ఆ రెండును ఒక్కటియే యైన స్థలమొకటి ఇంగ్లండు వాయవ్య భాగమున కంబ్రియా సీమలో నున్నది. పటము చేతబట్టుకొని యచటికి కాలినడకను పోవుదము.

ఆ సీమవారు కొండను 'ఫెల్' అందురు. వెయ్యేండ్ల క్రిందట సముద్రము దాటి వచ్చి యచట కాపురముండిన నార్వే జాతివారు విడిచిపోయిన మాట యిది. చెట్లు లేక, గడ్డితోను రాళ్లతోను నిండి, గొఱ్ఱెలు మేయు ఎత్తైన కొండ యని దాని భావము.

కెండల్ పట్టణమునకు ఉత్తరమున లాంగ్‌స్లెడేల్ లోయ మొదలగును. స్ప్రింట్ అను చిన్న నది ప్రక్కగా సన్నని బాట పోవును. ఇరువైపుల సున్నము లేకుండ పేర్చిన రాతి గోడలు కొండల నడినెత్తివరకు ప్రాకియుండును. ఇచట నొకసారి నిలిచి లోయ ఆకారమును చూడుడు. నది త్రవ్విన లోయ గరాటువలె అడుగున ఇరుకై యుండును. ఇదియో, అడుగు చదునుగాను ప్రక్కలు నిటారుగాను పశువుల తొట్టివలె నున్నది. పూర్వము మంచునది మెల్లగా కదలుచు దీనిని తొలిచెను. ఈ తొట్టి సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

సాడ్‌గిల్ అను చోట పాత రాతివంతెన యొద్ద మంచి బాట ముగియును. అచటినుండి ఱెన్‌గిల్ గనినుండి పలకరాళ్లు దింపిన రాళ్లబాట గేట్స్‌కార్త్ కనుమకు ఎక్కును. మనము ఆయాసపడుచు ఉత్తరమునకు ఎక్కుచుండగా, ఈ కొండల గర్భమున సొరంగములో నీరు నిశ్శబ్దముగా దక్షిణమునకు పోవుచుండును. సొరంగము వేయునాడు దిక్కు తప్పకుండ కొలతలకై నిలిపిన స్తంభములు కొన్ని యిప్పటికిని పైకొండలమీద కనబడును. 1955లో పూర్తియైన ఈ కాలువ హాజ్‌వాటర్ నీటిని సుమారు 70 మైళ్ల దూరముననున్న మాంచెస్టరుకు చేర్చును. నీరు పల్లమునకు పోవు స్వభావమే దానిని నడిపించుచున్నది; త్రోయు యంత్రములతో పని లేదు.

కనుమ దాటగానే క్రింద మార్డేల్ లోయయు, హాజ్‌వాటరును కానవచ్చును. ఆనకట్ట నాలుగు మైళ్ల ఆవలి చివర నుండుటచేత, ఇది దేవుడు చేసినట్లే యున్న సరస్సని చూపరులు తలంతురు. అందులో సగము నిజము. పూర్వ మిచట నిజముగా సరస్సుండెను. మాంచెస్టరు పురపాలక సంఘమువారు 1919లో పార్లమెంటు చట్టము పొంది, 1929లో పని ప్రారంభించి, సుమారు 1,550 అడుగుల పొడవుగల కాంక్రీటు ఆనకట్ట కట్టి నీటిమట్టమును 95 అడుగులు పెంచిరి. ఇచట వాన మెండు, రాయి గట్టిది, మంచునది తొలిచిన తొట్టి సిద్ధముగా నున్నది. ఒక చివర మూసిన చాలును.

అయితే ఆ తొట్టిలో మనుష్యులుండిరి. మార్డేల్ గ్రీన్ అను పల్లెలో చిన్న దేవాలయము, సత్రము, పొలములుండెను. 1935 ఆగష్టు 18న ఆ దేవాలయములో కడవరి ఆరాధన జరిగెను. లోపల కొద్దిమందికే చోటుండగా, వందలకొలది జనులు వెలుపల నిలిచి శబ్దవర్ధకములగుండ వినిరి. అంతకుముందే శ్మశానమునుండి 97 శవములను త్రవ్వి తీసి షాప్ అను గ్రామమున పాతిపెట్టిరి. పిమ్మట దేవాలయమును విప్పి, దాని రాళ్లను జలాశయపు కట్టడములకే వాడిరి. వుడ్ హౌ అను చెట్లదిబ్బ నేడు నీటినడుమ దీవియై యున్నది.

మాంచెస్టరువారిని దుర్మార్గులుగా వర్ణించుట కొందరికి వాడుక. మాకది న్యాయముగా తోచదు. మిల్లుల పొగలో ఇరుకిండ్లలో కాపురమున్న లక్షలాది కుటుంబములకు శుద్ధజలము వలయును. 1894లోనే థర్ల్‌మియర్ నుండి నీరు తెచ్చుకొన్నను చాలకపోయెను. కాని ఒక చిన్న పల్లె మాట మహానగరపు దాహముతో తూగలేదన్నదియు నిజమే. కొళాయి త్రిప్పిన నగరవాసులలో ఎందరికి మార్డేల్ పేరు తెలిసియుండును? ఈ ప్రశ్నను తరగతిలో వాదమునకు పెట్టుడు. ఇరుపక్షములకును మంచి వక్తలు దొరకుదురు.

తీరము వెంబడి నడచునప్పుడు గడ్డి మొలవని తెల్లని రాళ్ల పట్టీ కనబడును. అది సహజ సరస్సునకుండదు. నగరము త్రాగిన కొలతను తెలుపు గీత యది. అనావృష్టి కలిగిన 1984, 1995, 2022 సంవత్సరములలో నీరు మిక్కిలి తగ్గి, పల్లెగోడలును చిన్న వంతెనయు బయటపడగా, జనులు గుంపులుగా వచ్చి ఎండిన బురదలో నడచిరి. పొలముల నడుమ పోయిన పాత బాట అటునిటు గోడలతో చెక్కుచెదరక యుండెను. ఆ బాట కొంతదూరము పోయి, తిరిగి నీటిలోనికి దిగిపోవును.