నేటాల్ చేరిన తెలుగు బోధకుడు

పాఠ్యభాగ నేపథ్యం

ఉన్న ఊరిని విడిచి దూరదేశం వెళ్లినవారిలో పొట్టకూటికై వెళ్లినవారు ఎందరో ఉన్నారు. విద్యకై, ధనార్జనకై వెళ్లినవారూ ఉన్నారు. తన విశ్వాసం పిలిచిందని సముద్రం దాటినవారు మాత్రం అరుదు. అటువంటి అరుదైన వ్యక్తులలో జాన్ రంగయ్య ఒకరు. ఆయన 1903లో తెలుగు నేల నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మత బోధకునిగా వెళ్లారు. ఆ ప్రయాణానికి దారితీసిన పరిస్థితులను, దానిలోని అంతరార్థాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రామగుండం ప్రాంతంలో 1960ల ఆరంభంలో బొగ్గు గనులు తెరవడంతో గోదావరిఖని పట్టణంగా ఎదిగింది. ఇక్కడి కార్మికవాడలలో కొత్తగా పరిచయమైనవారిని “మీ సొంత ఊరేది?” అని అడగడం సహజం. సింగరేణి కొలువును నమ్ముకొని ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చిన కుటుంబాలవి. వలస వచ్చిన మనిషి మొదట పని వెతుక్కుంటాడు. పిదప తన భాష మాట్లాడే మనిషిని వెతుక్కుంటాడు. ఆపైన తన దైవాన్ని తలచుకునేందుకు ఒక చోటు వెతుక్కుంటాడు. గుడి, మసీదు, చర్చి కార్మికవాడలో వెలసేది ఈ అవసరం వల్లనే. ఒక శతాబ్దానికి పూర్వం, వేల మైళ్ల దూరాన, నేటాల్‌లోని తెలుగు కూలీల జీవితంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది.

ఆనాడు నేటాల్ బ్రిటిష్ వలస రాజ్యం. అక్కడి చెరకు తోటలలో పనిచేయడానికి భారతీయ కూలీలను మద్రాసు రేవు నుంచి తీసుకువెళ్లిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాల్ వెళ్లారు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడాది పురుషునికి నెలకు పది షిల్లింగుల కూలి. చెరకు, తేయాకు తోటలలోనూ, రైలు మార్గాల మీదనూ, బొగ్గు గనులలోనూ వారు చెమటోడ్చారు. ఒప్పంద పత్రాలలో ప్రతి కూలీకి ఒక సంఖ్య కేటాయించేవారు. తోట యజమాని దృష్టిలో ఆ సంఖ్యే ఆ మనిషి.

ఇక తెలుగు నేల మీది పరిస్థితి చూద్దాం. అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని ఆరంభించారు. ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య పెరగలేదు. ఈ కేంద్రాన్ని మూసివేద్దామా అన్న చర్చ అమెరికాలో పలుమార్లు జరిగింది. తోడులేని ఆ కేంద్రానికి ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు స్థిరపడింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడిన తరువాత పరిస్థితి మారింది. 1876–78 నాటి మహాక్షామంలో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్న పేదలకు పని కల్పించారు. 1878 జులై 3న గుండ్లకమ్మ తీరాన ఒకే దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరికి వెలుపల జీవించిన మాదిగలు.

ఈ సంఘాలకు పాఠశాల ప్రాణం వంటిది. బడి గడప తొక్కే అర్హత లేదని తరతరాలుగా విన్న కుటుంబాలలోని పిల్లలు పలక పట్టారు. పగలు అక్షరాలు నేర్పే ఉపాధ్యాయుడే సాయంత్రం ప్రార్థన నడిపేవాడు. పల్లె ప్రజలకు ఆయన ఒకే పంతులుగారు. ‘బోధకుడు’ అన్న మాటలో చదువు చెప్పేవాడు, ధర్మం చెప్పేవాడు అన్న రెండు అర్థాలూ ఒదిగి ఉండడం గమనింపదగినది. అక్షరం, విశ్వాసం ఒకే దారిలో నడిచిన కాలమది. నేర్చుకున్నవాడు మరొకనికి నేర్పాలి, పొందినవాడు మరొకనికి పంచాలి అన్న భావన అక్కడ బలపడింది.

ఈ భావన నుంచే తెలుగు బాప్తిస్టులు తమ సొంత స్వదేశ సువార్త సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఆ సంఘం పంపగా జాన్ రంగయ్య 1903లో నేటాల్ చేరారు. స్టాంగర్ పట్టణానికి సమీపాన కియర్స్నీలో హ్యూలెట్ కుటుంబం వారి తేయాకు తోటలు ఉండేవి. అక్కడి తెలుగు కూలీల మధ్య అదే సంవత్సరం డిసెంబరులో ఆయన తెలుగు బాప్తిస్టు సంఘాన్ని స్థాపించారు. ‘స్వదేశ’ సంఘం విదేశానికి బోధకుని పంపడం పైకి వింతగా తోస్తుంది. కాని, తెలుగువారు ఎక్కడ ఉంటే అదే తమ స్వదేశమని ఆ సంఘం తలచినట్లుంది. పేద రైతులు, కూలీలు అధికంగా ఉన్న సమాజం ఒకటి తన కానుకలతో మరొక కూలీల సమాజానికి బోధకుని పంపింది. అరవై ఏళ్ల క్రితం ఇతరుల నుంచి స్వీకరించినవారు నేడు దాతలయ్యారు.

రంగయ్యగారు వెళ్లినది పాలకుని హోదాలో కాదు. వర్ణ వివక్ష రాజ్యమేలిన ఆ నేలమీద ఆయన కూడా ఒక భారతీయుడే. ఆయన ఎదుట కూర్చున్నవారి కష్టం సామాన్యమైనది కాదు. 1895 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన తరువాత కొత్త ఒప్పందానికి ఒప్పుకోక, స్వదేశానికి మరలక, అక్కడే ఉండదలచిన కూలీ ఏటా మూడు పౌండ్ల పన్ను చెల్లించాలి. పది షిల్లింగుల జీతగానికి అది ఆరు నెలల కూలి. ఈ పన్నుకు వ్యతిరేకంగా 1913లో న్యూకాసిల్ బొగ్గు గనుల కార్మికులు సమ్మె కట్టారు. గాంధీజీ నాయకత్వంలో రెండు వేల మందికి పైగా కార్మికులు కాలినడకన ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. 1914లో ఆ పన్ను రద్దయింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయించక మానదు. ఇంతటి అన్యాయం నడుమ ప్రార్థన ఏం సాధించింది? ప్రార్థన పన్నును రద్దు చేయలేదు. ఆ పని పోరాటం చేసింది. అయితే పత్రాలలో సంఖ్యగా మారిన మనిషిని ఆదివారం నాడు తోటివారు పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి ఏర్పడింది. మనిషి తన పేరును, భాషను మరచిపోకుండా నిలుపుకోవడం చిన్న విషయం కాదు. తమకు విలువ ఉన్నదని నమ్మినవారే హక్కులను అడగగలరు. రంగయ్యగారు 1915లో మరణించే వరకు నేటాల్ తెలుగువారి సేవలోనే ఉన్నారు. అనంతర కాలంలో ఆయన కుమారుడు సైతం ఆ మార్గంలోనే నడిచారు.

దాదాపు అదే కాలంలో మరొక ప్రయాణం మన బొగ్గు సీమ వైపు సాగింది. తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1902లో జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు ఇతర ప్రాంతాలకు బోధకులను పంపడం చూసి, తమ తిరునల్వేలి సంఘం ఎందుకు పంపడం లేదని మథనపడ్డారు. ఫలితంగా 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసింది. అది ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. సింగరేణి తొలి గనులున్న ఇల్లందుకు రైలు శాఖ చీలేది ఆ జంక్షన్ నుంచే. 1909లో అజరయ్య స్వయంగా డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఈ ఇద్దరిలో రంగయ్యగారికి భాష తెలుసు, దేశం కొత్త. అజరయ్యగారికి దేశం తనదే, భాష కొత్త. తెలియనిదానిని నేర్చుకోవడానికి ఇద్దరూ సిద్ధపడ్డారు. విశ్వాస యాత్ర ఓడ ఎక్కిన నాడు ముగిసేది కాదు; చేరినచోట మళ్లీ విద్యార్థి కావడంతో అసలైన యాత్ర మొదలవుతుంది. రేపు ఉద్యోగానికో, విద్యకో, సేవకో దూరం వెళ్లే గోదావరిఖని యువతకు, వారు ఏ మతాన్ని అనుసరించినా, ఏ మతాన్నీ అనుసరించకున్నా, ఈ వినయం అవసరం. తాను పొందినది తనకు రుణమని గుర్తించినవాడే దూరదేశంలోనైనా తోటి మనిషికి ఆత్మీయుడవుతాడు.

అర్థాలు

అంతరార్థం = లోపలి భావం
గణనీయంగా = లెక్కించదగినంతగా
మహాక్షామం = పెద్ద కరవు
గుత్త = పని పూర్తిచేయడానికి కుదుర్చుకున్న ఒప్పందం
మథనపడు = మనసులో వేదనతో ఆలోచించు
క్షేత్రం = పనిచేసే ప్రదేశం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు సమగ్రమైన సమాధానాలు రాయండి.
1. నేటాల్‌లోని తెలుగు కూలీల స్థితిగతులను వివరించండి.
2. “స్వీకరించినవారు దాతలయ్యారు” అన్న మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ‘బోధకుడు’ అన్న పదంలోని రెండు అర్థాలు ఏవి?
2. జాఫ్నా యాత్ర అజరయ్యను ఎలా ప్రభావితం చేసింది?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. తోట యజమాని దృష్టిలో ఆ సంఖ్యే ఆ మనిషి.
2. ప్రార్థన పన్నును రద్దు చేయలేదు. ఆ పని పోరాటం చేసింది.

IV. మీ ప్రాంతానికి వలస వచ్చి స్థిరపడిన ఒక కుటుంబ పెద్దతో మాట్లాడి, వారి అనుభవాలను ఒక పుటలో రాయండి.